నోట్లో పలక

ఆ వస్తువును మొదటిసారి చేతిలో పట్టుకున్నప్పుడు, ఇది పంటి వైద్యానికి సంబంధించినదని ఎవరూ చెప్పకుంటే నేను కనిపెట్టగలిగేవాణ్ణి కాను. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నది, దాని మందంలో సగం కూడా ఉండదు, నల్లగా ఉంటుంది, ఒక పక్క నుంచి తోకలాగా వైరు. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగిన సంగతి. గుండ్లపోచంపల్లిలో అచ్చులు చేసే మా షెడ్డుకు రెండు షెడ్ల అవతల ఒక చిన్న కంపెనీ ఉండేది. పళ్ళకు ఎక్స్‌రే తీయడానికి ఫిల్ముకు బదులుగా నోట్లో పెట్టే డిజిటల్ సెన్సారును ఇక్కడే తయారు చేయాలని వాళ్ళ పట్టుదల. లోపల బొమ్మను పట్టే బిళ్ళ విదేశం నుంచి వచ్చేది. దాని మీది తొడుగు మాత్రం ఇక్కడ పోయాలి. తొడుగుకు అచ్చు చేసే పని నాకు వచ్చింది.

నా చదువు నాలుగో తరగతి. డ్రాయింగులు చదవడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేడ్చల్‌లో లేతు షాపులో పనిచేసే రోజుల్లో, చెత్తబుట్టలో పడేసిన డ్రాయింగులు తీసుకుని, తయారైన వస్తువును పక్కన పెట్టుకుని, ఏ గీత ఏ అంచుదో ఒక్కొక్కటే పోల్చుకుంటూ నేర్చుకున్నాను. కాబట్టి నాకు ఒక గర్వం ఉండేది: కొలత ఉన్న వస్తువు ఏదైనా చేయగలనని. ఆ కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయి నన్ను అడిగింది కొలత లేని వస్తువు.

ముప్పై ఏళ్ళు నిండని పిల్ల. కోస్తా వాళ్ళు, కొత్త కాలనీలో ఉండేవాళ్ళు. డ్రాయింగు నా బల్ల మీద పరిచి, "మేస్త్రి గారూ, ఇది నోట్లో పెడితే గుచ్చుకుంటోందంటున్నారండీ. హాయిగా ఉండాలి" అన్నది.

"హాయి అంటె ఎన్ని మిల్లీమీటర్లు మేడం?"

నవ్వింది. ఆమెకూ తెలియదు. లోపలి బిళ్ళ నలుపలకలుగా ఉంటుంది, వంచితే పగులుతుంది. నోరేమో ఎక్కడా నలుపలకలుగా ఉండదు. కింది దవడలో నాలుక పక్కన చోటు గుంటలాగా ఉంటుంది, పైన అంగిలి గుమ్మటం. చదరపు వస్తువును గుండ్రని చోట పెట్టి బాగుండాలంటే ఎట్లా? మా షెడ్డులో దానికి పలక అని పేరు పెట్టారు. బళ్ళో పిల్లలు పట్టుకునే పలకలాగే మూలలు ఉన్నాయి కదా అని.

మూలలు గుండ్రంగా తీశాను. అచ్చు మీద ఆకురాయి, తర్వాత గరుకు కాగితం, తర్వాత నూనెలో తడిపిన గుడ్డ. బిళ్ళ లేకుండా ఉత్త ప్లాస్టిక్ పలకలు పోసి, నోట్లో పెట్టుకుని చూడమని నన్ను కలుపుకుని షెడ్డులో ఐదుగురికి, ఇంజనీరమ్మాయికి పంచాం. ఒకరి నోట్లోది ఇంకొకరు పెట్టుకోరు, ఎంగిలి. అందుకని ఎవరిది వాళ్ళకే, వెనక ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు అని గోకి గుర్తు పెట్టాను. నాది గీతలు లేని పలక. ఇంజనీరమ్మాయి తనది రుమాలులో చుట్టి విడిగా దాచుకునేది. పొద్దున్నే కడుక్కుని, నోట్లో పెట్టుకుని, పంటితో కరిచి, వంద లెక్కపెట్టి తీసేవాళ్ళం. ఆమె పుస్తకంలో రాసుకునేది. మొదట్లో ఒకరిద్దరికి గుచ్చుకుంది. మూలలు ఇంకా తీసిన కొద్దీ అందరూ బాగుందన్నారు. నెల తిరిగేసరికి ఆరుగురం ఒకటే మాట: ఏమీ కావడం లేదు.

అది చూసి కంపెనీ వాళ్ళు అసలు బిళ్ళ పెట్టిన సెన్సారు ఒకటి తయారు చేసి, మేడ్చల్‌లో బస్సులు ఆగే చోటికి దగ్గరగా ఉన్న ఒక పళ్ళ డాక్టరుకు వాడి చూడమని ఇచ్చారు. ఆయన అక్కడి వాడే, పొలాలున్న ఇంటి పిల్లవాడు, నన్ను కాకా అని పిలిచేవాడు. పదిహేను రోజులకు కబురు వచ్చింది: పేషంట్లు ఓకరిస్తున్నారు, చెయ్యి నెట్టేస్తున్నారు, కొందరైతే కుర్చీలోంచి లేచిపోతున్నారు.

నాకు ఒళ్ళు మండింది. మా ఆరుగురికి లేని బాధ వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది? మేమూ మనుషులమే కదా. డాక్టరుకు చేతకావడం లేదని షెడ్డులో అందరి ముందూ అన్నాను. ఇంజనీరమ్మాయి తన పుస్తకం ఒకటికి రెండుసార్లు తిరగేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా భార్యకు పన్ను నొప్పి లేచింది.

ఆమెకు ఎడమ పక్క నమిలే పళ్ళు అప్పటికే పోయాయి. ఒక్కొక్కటీ నొప్పి వచ్చినప్పుడల్లా పీకించుకుంటూ వచ్చింది. మిగిలింది కుడి పక్క. అందులో కింది దవడ పన్ను ఇప్పుడు పట్టుకుంది. పుట్టింది షామీర్‌పేట పక్కన, జొన్నరొట్టె లేకుండా ఆమెకు పూట గడవదు. ఆ పన్ను కూడా పోతే రొట్టెను నీళ్ళలో నానబెట్టుకుని మింగాలి. ఆ మాట ఆమే అన్నది, చెంప పట్టుకుని, గోడ వైపు తిరిగి: "నా తల్లి గట్లనే తిన్నది ఆఖరుకు. నాకు గా బతుకొద్దు."

ఆమెను ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోయాను. నిజం చెప్పాలంటే కొంచెం పొగరుతోనే పోయాను. ఆ కుర్చీ పక్కన వేలాడుతున్న సెన్సారు తొడుగు నా చేతి పని. దాని మూలల మీద నా వేళ్ళు ఎన్ని రోజులు తిరిగాయో నాకు తెలుసు. డాక్టరు పన్ను మీద తట్టి చూసి, "లోపల నరం చెడిపోయినట్టుంది కాకా. వేరు బాగుంటే సాఫ్ జేసి మందు నింపొచ్చు, పన్ను ఉంటది. వేరు కొసకు ఏమయిందో ఫొటోల చూడకుండ నేను చెయ్యి పెట్ట" అన్నాడు.

సెన్సారుకు పల్చటి ప్లాస్టిక్ తొడిగాడు. చేతికి గ్లౌజు వేసుకున్నాడు.

"చిన్నమ్మా, నోరు తెరువు. ఇంకొంచెం. నాలుక కిందికి పెట్టు."

పలక పళ్ళు దాటి లోపలికి పోయిందో లేదో, నా భార్య కడుపులోంచి ఓకరించింది. కళ్ళలో నీళ్ళు. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని నెట్టేసింది. మళ్ళీ ప్రయత్నించారు. ముక్కుతో గాలి పీల్చమన్నాడు, ధ్యాస మళ్ళాలని కాలు పైకి ఎత్తమన్నాడు, నాలుక మీద మొద్దుబారే మందు చల్లాడు. మూడోసారి పొద్దున తాగిన చాయ్ బయటికి వచ్చింది. కొంగుతో మూతి కప్పుకుని, తప్పు చేసిన దానిలాగా కూర్చుంది.

"పాత ఫిల్ముతోని తీయరాదా డాక్టర్ సాబ్?"

"గదీ నోట్లనే పెట్టాలె కాకా. ఏం ఫరక్ ఉండదు. సిటీల తల సుట్టు తిరిగే మెషిన్ ఉంది గని, అండ్ల నాకు కావలసిన వేరు కొస గింత సాఫ్‌గ రాదు." చీటీ ముందుకు లాక్కుని, "వాపుకు గోలీలు రాస్తున్న. పది రోజుల్ల ఫొటో రావాలె. రాకుంటె ఇగ పీకుడే."

అత్వెల్లిలో మా ఇల్లు, అక్కడి దాకా బస్సులో కొంగు మూతికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. దిగాక అన్నది: "నా చేతి పని, నా చేతి పని అంటివి. గిదేనా? గొంతుల కప్ప దుంకినట్టున్నది."

"మా అందరికీ మంచిగనే ఉంది. నువ్వే నాటకాలు జేస్తున్నవ్."

అన్నాను. ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ పది రోజుల్లో నేను చేసిన పని చూస్తే పిచ్చివాడనుకుంటారు. మొదట పలకకు మెత్తటి సిలికాన్ తొడుగు పోశాను. మెత్తగా అయితే అయింది కాని లావు పెరిగింది. ఇంట్లో ఆమెను పీట మీద కూర్చోబెట్టి, డాక్టరులాగా నేనే నోట్లో పెట్టాను. ఓకరించింది. తొడుగు తీసేసి, పలకనే పల్చగా చేశాను. ఓకరించింది. వైరు నాలుకకు తగులుతోందేమోనని వైరు వచ్చే చోటును అంచు నుంచి వీపు మీదికి మార్చాను. ఓకరించింది. మూలలు ఇంకా తీసి తమలపాకు ఆకారానికి తెచ్చాను. ఈసారి పలకను చూస్తూనే ఓకరించింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఇనుము అర్థమవుతుంది నాకు. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ ఒరుసుకున్న గుర్తు పడుతుంది, అక్కడ గీకితే సరిపోతుంది. ఈమె నోట్లో ఎక్కడా గుర్తు లేదు. చిగుళ్ళు గీసుకుపోలేదు, నాలుక కమిలిపోలేదు. మరి ఏది తగులుతోంది? అడిగితే, "నాకేమెరుక, లోపలికెల్లి తన్నుకొస్తాంది" అంటుంది.

ఇంజనీరమ్మాయితో కూడా గొడవ పెట్టుకున్నాను.

"ఇంకా పల్చన చేస్తే బిళ్ళ పగులుతుందండీ మేస్త్రి గారూ. కింద పడితే ఇక పనికిరాదు."

"కింద పడితె అని నువ్వు పరేషాన్ అవుతున్నవ్. నోట్లె పోతలేదని నేను పరేషాన్ అవుతున్న. ఎవరి పరేషాన్ పెద్దది?"

"మీరు ఒక్క పేషంటు గురించి మాట్లాడుతున్నారు."

"గా ఒక్క పేషంటు నా ఇంట్ల ఉంది బిడ్డా!"

అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తెలియదు. మొహం మారిపోయింది. "ముందే చెప్పొచ్చు కదండీ" అని, తన రుమాలులోని పలకను బల్ల మీద పెట్టి దాని వైపే చూస్తూ కూర్చుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. దాన్ని ఎంత చూసినా ఏం లాభం.

ఏడో రోజో ఎనిమిదో రోజో, పొద్దున. ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గర నా భార్య పళ్ళు తోముకుంటోంది. వేపపుల్లతో తోముకుని, దాన్ని రెండుగా చీల్చి, ఆ చీలికను వంచి నాలుక గీసుకోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. మామూలుగా గీసుకోవడం కాదు. కొండనాలుక దాకా పోనిచ్చి, పక్కింటివాళ్ళకు వినపడేటట్టు గొంతు కడుక్కుంటేనే ఆమెకు తృప్తి. ఎన్నేళ్ళుగానో వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం చేతిలో చాయ్ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయాను. ఆ పుల్ల గరుకు. పొట్టు లేచి ఉంది. మధ్యలో ముడి కూడా ఉంది. అది అంత లోపలికి పోతే ఏమీ లేదు, నేను నూనెగుడ్డతో నునుపు చేసిన పలక పళ్ళు దాటితే ప్రాణం పోతోంది!

"ఏందే, గది గంత లోపలికి పోతె వస్తలేదా?"

"ఏమొస్తది?"

"ఓకరింపు."

నన్ను వింతగా చూసింది. "నా చెయ్యి గదనయ్యా. యాడ ఆపాలెనో నాకెరుక లేదా?"

నేను లోపలికి పోయి పలక తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నోట్లో కాదు, చేతిలో. "నువ్వే పెట్టుకో." పుక్కిలించి, తడి చేత్తోనే తీసుకుని, చెంప పక్క నుంచి మెల్లగా జరిపింది. ఒకచోట ఆగింది. ముక్కుతో గాలి పీల్చి ఇంకొంచెం జరిపింది. పంటితో కరిచి పట్టుకుని నా వైపు చూసింది. ఓకరింపు లేదు. అరటిచెట్టు మొదట్లో కెలుకుతున్న కోడిని చేత్తో అదిలించింది కూడా.

నేను అక్కడే తొట్టి గట్టు మీద కూర్చున్నాను. సంతోషంతో కాదు. పలక అదే, నోరు అదే. నేను గీకిన గీకుడంతా దేనికి?

షెడ్డుకు పోయి ఇంజనీరమ్మాయికి చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. "అయితే మీ నోట్లో నేను పెడతాను, చూద్దాం" అన్నది. గ్లౌజు వేసుకుంది. నాకు లోపల నవ్వు. రెండు నెలల నుంచి రోజూ పెట్టుకుంటున్న పలక, గీతలు లేని నా పలక, నన్నేం చేస్తుంది? నోరు తెరిచాను. ఆమె చెయ్యి నాలుక దాటిందో లేదో కడుపులోంచి ఎగదన్నుకొచ్చింది. స్టూలు మీద నుంచి లేచి బయటికి ఉరికాను.

వెనక నుంచి లేతు మీద పనిచేసేవాడు అరిచాడు: "మేస్త్రీ, ఎన్నో నెల?"

అందరూ పడి పడి నవ్వారు. నేను గోడ పట్టుకుని ఉమ్ముతున్నాను. అప్పుడు గాని తెలిసి రాలేదు, ఆ రెండు నెలలు మేం చేసినదేమిటో. ఎంగిలి అని ఎవరి పలక వాళ్ళకిచ్చాం. ఎంగిలి అని ఒకరి నోట్లో ఇంకొకరం చెయ్యి పెట్టలేదు. ఆరుగురమూ మా చేత్తో మేమే పెట్టుకుని, బాగుంది, బాగుంది అని పుస్తకంలో రాయించాం. ఆసుపత్రిలో మాత్రం పరాయి చెయ్యి వస్తుంది. ఇంత చిన్న సంగతి చదువుకున్న ఆ పిల్లకూ తట్టలేదు, చదువుకోని నాకూ తట్టలేదు. ఆమె పుస్తకం మూసేసి, "ఇదంతా మళ్ళీ చెయ్యాలండీ" అన్నది నీరసంగా.

ఆ సాయంత్రమే పలకకు పిడి చేశాను. జానెడు కూడా ఉండదు, మూతి బయటికి వచ్చి పేషంటు వైపుకు వంగి ఉంటుంది. పేషంటు దాన్ని పట్టుకుని లోపలికి పోనిచ్చుకోవాలి, పిడి మొదట్లో ఉన్న దిమ్మెను కరిచి పట్టుకోవాలి, చెయ్యి తీసేయాలి. తర్వాత ఎక్స్‌రే. డాక్టరు దగ్గరున్న అసలు సెన్సారుకు తగిలించడానికి పిడి కొసన చిన్న గాడి ఒకటి పెట్టాను.

తొమ్మిదో రోజు మేడ్చల్ పోయాం. ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది. డాక్టరు పిడిని అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"పేషంటే పెట్టుకుంటె ఇగ నేనెందుకు కాకా? వంకర పెట్టుకుంటె ఫొటోల వేరు కోసుకపోతది. మళ్ళ తీయాలె."

"మీరు నోటితోని చెప్పుండ్రి. చెయ్యి ఆమెది."

"ఒక్కసారి చూడండి సార్," అన్నది ఆ అమ్మాయి, "ఈ ఒక్క కేసుకి."

ఒప్పుకున్నాడు. అయితే నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. కుర్చీలో కూర్చున్న నా భార్య పిడి పట్టుకోదు. చేతులు ఒళ్ళో ముడుచుకుని, "మీరే పెట్టుండ్రి సారూ" అంటుంది. ఇంట్లో అంత సునాయాసంగా చేసిన మనిషి! నాకు మళ్ళీ కోపం నషాళానికి అంటింది. దగ్గరికి పోయి చెవిలో, "పెట్టుకోవేందే?" అన్నాను.

"గంత పెద్ద సారు ముంగట నోట్లె చెయ్యి పెట్టుకుంటరా? సిగ్గు లేదా?"

ఆయన చెయ్యి నోట్లో పెడితే సిగ్గు లేదట, ఆమె చెయ్యి పెట్టుకుంటే సిగ్గట. కాని ఆ మాటలు డాక్టరుకు వినపడ్డాయి. ఆయన గోడ మీది క్యాలెండరు వైపుకు తిరిగి నిలబడ్డాడు. "నేను చూస్తలేను చిన్నమ్మా. పెట్టుకో. చెంప దిక్కుకెల్లి పోనియ్యి." నేనూ తిరిగాను. ఇంజనీరమ్మాయి మాత్రం తిరగలేదు. ఆడపిల్లే కదా అని నా భార్య ఒప్పుకుంది.

"పెట్టుకున్నారండీ. కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇంకొంచెం. కరవండమ్మా. ఇప్పుడు చెయ్యి తీసేయండి."

డాక్టరు ఇటు తిరిగి, ఎక్స్‌రే గొట్టం చెంపకు ఆనించి, నన్నూ ఇంజనీరమ్మాయినీ బయటికి నెట్టి మీట నొక్కాడు. లోపలికి వచ్చేసరికి కంప్యూటరు తెర మీద పన్ను కనపడుతోంది. రెండు వేర్లు కొసల దాకా. ఒక కొస దగ్గర పొగ పట్టినట్టు చిన్న మచ్చ. నా భార్య నోట్లో పిడితోనే తెర వైపు చూస్తోంది. తన లోపలిది తాను చూడటం ఆమెకు అదే మొదలు.

"ఉంటది కాకా," అన్నాడు డాక్టరు. "పీకుడు అక్కర లేదు."

ఇంతటితో నాకంతా అర్థమైపోయిందని అనుకోకండి. ఆ పిడి సంగతి ఇంజనీరమ్మాయి చాలా కాగితాల మీద రాసింది. ఆరుగురం మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఒకరి నోట్లో ఒకరం గ్లౌజులతో పెట్టుకుని, వాంతులు చేసుకుని చూశాం. ఎంగిలి పట్టింపు ఉన్న ఒకాయన పని మానేస్తానని బెదిరించాడు కూడా. అంతా అయ్యాక కంపెనీలో పైవాళ్ళు పిడి వద్దన్నారు. వాళ్ళలో ఒకాయన మా షెడ్డుకే వచ్చి చెప్పాడు: "కొనేది డాక్టర్లండీ, పేషంట్లు కాదు. తన చేతిలో పని పేషంటుకి ఇచ్చే వస్తువు డాక్టరు కొనడు." నేనేదో అనబోతే, "మీకు ఇవన్నీ తెలియవు లెండి, మీ మూలలు మాత్రం అద్భుతం" అన్నాడు. ఆ మూలలు ఏ పనికీ రాలేదని చెప్పబోతుంటే, అవే అద్భుతమట! నా గుండ్రని మూలలతోనే సెన్సారు బయటికి వచ్చింది. కొందరు డాక్టర్లు మునుపటికన్నా బాగుందని ఉత్తరాలు కూడా రాశారట. బాగుందా మరి? ఎవరికి? మూలలు కూడా కొంత పని చేశాయేమో. చేయలేదేమో. ఎన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. కొలత లేని వస్తువును ఎట్లా తేల్చాలి?

నా భార్య పన్నుకు మందు నింపడానికి నాలుగుసార్లు పోవలసి వచ్చింది. పోయినప్పుడల్లా ఒక ఫొటో. కంపెనీ వద్దన్నా ఆ ఒక్క పిడిని డాక్టరు తన దగ్గరే ఉంచుకున్నాడు. రెండోసారి, మూడోసారి మా ఇంజనీరమ్మాయి లేదు. ఆయనే క్యాలెండరు వైపు తిరిగి, "అయిందా చిన్నమ్మా?" అని అడిగేవాడు. ఆమె ముక్కుతో ఊఁ అనేది. నేను తలుపు దగ్గర నా చెప్పులు చూసుకుంటూ నిలబడేవాణ్ణి.

నాలుగోసారి జనం ఎక్కువగా ఉన్నారు. డాక్టరు తొందరలో మరిచిపోయాడు. గ్లౌజు తొడిగిన చేత్తో పిడి తగిలించిన సెన్సారు పట్టుకుని, "నోరు తెరువు చిన్నమ్మా" అంటూ నేరుగా ఆమె మొహం మీదికి వంగాడు. నేను ముందుకు ఒక అడుగు వేశాను. ఇంతలో ఆమె చెయ్యి చాపింది.

"ఇటు తే సారూ."

ఆయన ఇచ్చేశాడు. గోడ వైపు తిరగబోయాడు. తిరగనివ్వలేదు ఆమె. కొంగు సర్దుకుని, ఆయన చూస్తుండగానే, నేను చూస్తుండగానే, తలుపులో నిలబడ్డ పేషంట్లు చూస్తుండగానే నోరు తెరిచి, పలకను కుడి చెంప పక్క నుంచి లోపలికి జరుపుకుంది. ఒకచోట ఆగింది. ఇంకొంచెం జరిపింది. కరిచి పట్టుకుని చెయ్యి తీసేసి, ఇంకా ఏం చూస్తున్నారు, కానియ్యండి అన్నట్టు మా ఇద్దరినీ చూసింది.